ఫ్రిజ్‌లో పెంచిన తెగులు

పరిశోధనా కేంద్రంలో అందరూ ఆవిడని తెగుళ్లక్క అనేవారు. రోగాలు తగ్గించే ఉద్యోగం కాదు, తెప్పించే ఉద్యోగం మరి! మూడు వారాల వరినారు మీద బూజు కలిపిన నీళ్లు చల్లడం, ఒక రోజంతా ఆ ట్రేలని చీకటి గదిలో తడిగోనెల మధ్య మగ్గబెట్టడం, ఏడోరోజున భూతద్దం పట్టుకుని ఆకాకూ తిరగేసి మార్కులు వెయ్యడం. సున్నా వస్తే ఆ రకం గట్టిది. తొమ్మిదొస్తే మట్టికొట్టుకుపోయినట్టే. పద్దెనిమిదేళ్లుగా అదే పని, పద్దెనిమిదేళ్లుగా దినకూలీయే. మెచ్చుకోడానికి అందరికీ నోరొచ్చేది గానీ, పర్మనెంటు చెయ్యడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు.

ఆ ఏడు కేంద్రాన్ని నడిపే పెద్దసారు తయారుచేసిన కొత్త వరి రకం సున్నాల మీద సున్నాలు తెచ్చుకుంది. అగ్గితెగులు దాని జోలికే రాలేదని కేంద్రమంతా పండగ. నెల తిరిగేసరికి కమిటీ కూర్చుంటుంది. సరేనంటే ఆ విత్తనం వేల ఎకరాలకి వెళ్తుంది.

సరిగ్గా అప్పుడే తెగుళ్లక్క మరిది ఊడిపడ్డాడు. పరీక్ష కోసం ఆ రకాన్ని పావెకరంలో వేసిన రైతు.

"వదినా, ఇదేనా మీ ఉక్కు వరి?" అంటూ కాగితం పొట్లం విప్పాడు. ఆకుల నిండా నూలుకండెల్లాంటి మచ్చలు.

పెద్దసారు పొట్లం వంక సరిగా చూడను కూడా లేదు. "యూరియా గుమ్మరించి ఉంటాడు. రైతులకి చెయ్యాగదుగా!"

పొలంలో ఏం జరిగినా ముందు రైతుని బోనెక్కించడం చదువుకున్నవాళ్లకి ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

తను చల్లితే రాని తెగులు పొలంలో ఎలా వచ్చిందని తెగుళ్లక్క బుర్ర బద్దలు కొట్టుకుంది. ఫ్రిజ్ తలుపు తియ్యగానే జవాబు ఎదురుగా కనబడింది. బూజు ఉన్న గొట్టం మీది చీటీ పన్నెండేళ్ల నాటిది! బయట పొలాల్లో బూజు వేషాలు మారుస్తుంటే, ఇక్కడ ఇన్నేళ్లూ దాన్నే తిరగబెంచి, దాన్నే చల్లుతున్నారు. పెంపుడు పిల్లిని చూపించి, మా కుక్క పులికైనా జడవదన్నట్టుంది వ్యవహారం.

అడిగితే వద్దంటారు కాబట్టి ఎవర్నీ అడగలేదు. మరిది తెచ్చిన ఆకుల్లోంచి బూజు తీసి పెంచింది. కొత్త రకం నారే రెండు ట్రేలు తీసుకుంది. ఒకదాని మీద పాత బూజు, రెండోదాని మీద కొత్తది చల్లింది. తెలిస్తే పని పోతుంది. ఊరుకుంటే వేల ఎకరాలు పోతాయి.

"మొక్కకి మాత్రం కాపలా ఉండదా వదినా?" ఫోన్లో మరిది.

"ఎందుకుండదు? ఎర్రచొక్కా దొంగ కనబడితే చాలు, వాచ్‌మన్ కేకేస్తాడు. చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చి దొంగని పస్తుపెడతాయి. మన రకం వాచ్‌మన్‌కి తెలిసింది పాత బూజు తొడుక్కునే ఆ ఎర్రచొక్కా ఒక్కటే. ఈసారి దొంగ అది విప్పేసి దూరాడు."

"ఛీ, సిగ్గులేని దొంగ!"

ఏడోరోజున మొదటి ట్రే పచ్చగా నవ్వుతోంది. రెండోది కాలిపోయినట్టుంది. తెగుళ్లక్క రిజిస్టర్లో తొమ్మిది వేసి, రెండు ట్రేలూ పెద్దసారు బల్ల మీద పెట్టింది.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను? రేపట్నుంచి రావద్దంటే ఏం చేస్తావ్?"

"రాను సార్. ఆ తొమ్మిది మాత్రం కొట్టెయ్యను."

ఆయన ఒక్కో ఆకూ తిరగేస్తూ కుర్చీలో కూలబడ్డారు. "పదేళ్లు పట్టిందమ్మా దీనికి."

"బూజుకి అన్నేళ్లు పట్టలేదు సార్."

కమిటీ ముందు రెండు ట్రేలూ ఆయనే పెట్టారు. రకం ఆగిపోయింది. ఇకమీదట ఏటా పొలాల్లోంచి తాజా బూజు తెచ్చి, దానితోనే పరీక్ష చెయ్యాలన్నారు కమిటీవాళ్లు. ఎవరు తెస్తారనగానే అన్ని తలకాయలూ తలుపు దగ్గర నిలబడ్డ తెగుళ్లక్క వైపు తిరిగాయి.

"తెస్తాను సార్. కానీ దినకూలీగా కాదు, ఉద్యోగిగా తెస్తాను."

పెద్దసారు కళ్లజోడు తుడుచుకుని, తీర్మానం రాస్తున్న గుమాస్తాతో అన్నారు: "ఆవిడ అన్నది కూడా రాయవయ్యా. ఉన్నదున్నట్టు."