జోడి చూసుకోండ్రి

గ్యాస్ లైటరు పనిచేయని పొద్దున అగ్గిపుల్ల గీస్తాను. గీసిన క్షణంలో ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసనతో నేను కామారెడ్డిలోని మా వంటగదిలో ఉండను. ఉన్కేశ్వర్‌లో ఉంటాను. భూమి లోపలి నుంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళ ఒడ్డున, బస్సులో స్టీరింగు పట్టుకొని కూర్చొని ఉంటాను. నా వెనక సీటులో ఒక సంచి మాత్రమే ఉంటుంది. ఆ సంచి పక్కన ఉండాల్సిన మనిషి ఉండదు. ఆమె బస్సులో ఉందని చెప్పింది నేనే. తిరిగి చూడకుండా చెప్పాను. ఆరోజు నేను చేసిన తప్పు అది. దాని మీద ఇంకొకటి చేశాను, అదీ చెబుతాను.

ఆ బస్సు ఖాజా మామది. ఎల్లారెడ్డిలో ఆయన్ను ఎరగనివాళ్ళు తక్కువ. ఎన్నడూ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: సన్నగా, పొడుగ్గా, భుజం మీద గళ్ళ తువ్వాలతో ఉండేవాడు. మైకు లేకుండానే బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతు. వరికోతలు అయిపోయాక, పెళ్ళిళ్ళు లేని ఆదివారాల్లో, ఆయన జనాన్ని ఒక్కరోజు యాత్రకు తీసుకుపోయేవాడు. తెల్లవారకముందే ఎల్లారెడ్డిలో బయలుదేరి, కామారెడ్డిలో మరికొందరిని ఎక్కించుకొని, సరిహద్దు దాటి, మరాఠీ మాట్లాడే మాహూర్‌లో అమ్మవారి దర్శనం, ఆ తర్వాత అక్కడి పాత గుహలు, పొద్దు వాలేటప్పుడు ఉన్కేశ్వర్ వేడినీళ్ళ గుండం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు, మోకాళ్ళు అరిగిన రైతులు, దుకాణం మూసుకొని వచ్చిన జంటలు, అందరూ ఆయన బస్సెక్కినవాళ్ళే. నమాజు వేళకు ఏ చెట్టు కిందో చాప పరుచుకునేవాడు. బస్సు ఆగి ఉండేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

నేను షార్జా నుంచి తిరిగొచ్చి పని వెతుక్కుంటున్న రోజుల్లో ఆయన దగ్గరికి పోయాను. తలలో ఇంకా గల్ఫ్ గాలి దిగలేదు.

"అక్కడ ఏం నడిపినవు సాయిలూ?"

"ట్రెయిలర్లు మామా. ఇనుము లోడు."

"ఇనుము నడుమల దిగి చాయ్ అడగది. కాళ్ళు గుంజుతున్నయని ఏడ్వది. మనిషి అన్నీ చేస్తడు. ఓపిక ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను. అది కూడా చూసుకోకుండా చెప్పిందే.

మామ తలలు లెక్కపెట్టేవాడు కాదు. పొద్దున బస్సు కదిలేముందే ప్రతి ఒక్కరికీ ఒక జోడి కుదిర్చేవాడు. ఆగిన ప్రతిచోటా మళ్ళీ కదిలేముందు "జోడి చూసుకోండ్రి!" అని కేక వేసేవాడు. ఎవరి జోడిని వాళ్ళు కళ్ళతో చూసి "ఉన్నడు", "ఉన్నది" అని బదులు చెప్పాలి. ఒంటరిగా వచ్చిన మనిషికి డ్రైవరే జోడి. ఇదంతా ఎందుకు, లెక్కపెడితే అయిపోతది గదా అని ఒకసారి అన్నాను.

"లెక్కపెట్టిన ఒకపారి. ఆదిలాబాదుల చాయ్‌కు ఆపి లెక్కపెడితే సరిగ్గనే వచ్చింది. నిర్మల్ కాడ సూస్తే మనోడొకడు లేడు, నిజామాబాదుకు పోయెటోడొకడు ఎక్కి కూసున్నడు. లెక్కకు మనిషి మొకం తెల్వది సాయిలూ."

ఇంకొక మాట కూడా ప్రతి యాత్రలో చెప్పేవాడు. "తప్పిపోయినోళ్ళు కదలొద్దు. ఉన్న జాగల్నే ఉండాలె. ఎతికెటోళ్ళే కదలాలె." నేను అద్దం తుడుచుకుంటూ ఆ మాటలు విని విసుక్కునేవాణ్ణి.

ఆరోజు లచ్చవ్వ ఎక్కింది ఎల్లారెడ్డి చౌరస్తాలో. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళు కొంకర్లు పోయాయి. పిడికిలి పూర్తిగా విచ్చుకోదు, పూర్తిగా ముడుచుకోదు. చేతిలో ఆకుపచ్చ సంచి, అందులో మార్చుకోవడానికి ఒక చీర.

"అవ్వా, నీ జోడి ఎవరు?" అని మామ అడిగాడు.

"నా జోడి పైకి పోయి శాన ఏండ్లాయె" అంది. బస్సంతా నవ్వింది.

"గట్లయితే మా సాయిలే నీ జోడి. నువ్వెక్కనిదే ఈయన కదలడు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గీ పిలగాడా? నిద్రపోకుంట నడుపుతడా?"

నా వెనక సీటులోనే కూర్చుంది. దారి పొడుగునా ఒకటే ప్రశ్న. "ఆ నీళ్ళు నిజంగనే కాగుతయా బిడ్డా? కింద ఎవరు మంట పెడుతరు?" పోయినంక సూస్తవు గదా అన్నాను. "ఒక్కపారి గీ చేతులు ముంచుత. పిడికిలి జర ఇప్పుకుంటే సాలు. అన్నం ముద్ద సక్కగ కలుపుకుంట" అంది. నేను పాట సౌండు పెంచాను.

మధ్యాహ్నం గుహల దగ్గర బస్సు ఆపాను. ఎన్నోసార్లు అక్కడికి వెళ్ళినా నేను లోపలికి అడుగుపెట్టలేదు. రాళ్ళను చూడటానికి అంతసేపా అనుకునేవాణ్ణి. మామ పద్ధతి వేరు. జనాన్ని లోపలికి తీసుకుపోయి చీకట్లో కూర్చోబెట్టి, ఒక్క మాటా చెప్పకుండా ఊరుకునేవాడు. "మొదలు సూసుడు, తర్వాత చెప్పుడు" అనేవాడు. ఆరోజు ఎండ మండుతోంది. నేను క్యాబిన్‌లో ఫోన్‌లో వీడియోలు చూస్తూ, ఇంకా రారేంది అని హారన్ కొట్టాను. ఒకరి తర్వాత ఒకరు బయటికొచ్చారు. మామ ఒక ముసలాయన రెక్క పట్టుకొని మెట్లు దింపుతున్నాడు. తలుపు దగ్గరికి వచ్చి కేక వేశాడు. వెనక నుంచి బదుళ్ళు వచ్చాయి. చివరికి మామ నావైపు చూసి, "లచ్చవ్వ?" అన్నాడు.

అద్దంలో ఆకుపచ్చ సంచి కనిపించింది. సంచిని చూసి మనిషని భ్రమపడ్డానని చెబితే అబద్ధమవుతుంది. అది సంచేనని నాకు తెలుసు. సంచి ఉన్నచోట మనిషి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. తిరిగి చూడటానికి మెడ తిప్పితే చాలు. తిప్పలేదు.

"ఉన్నది" అని గేరు వేశాను.

ఉన్కేశ్వర్ చేరేసరికి ఎండ వాలింది. తలుపు తీయగానే ఆ గంధకం వాసన. గుండం మీద తెల్లటి ఆవిరి, అడుగు నుంచి ఆగకుండా లేచే బుడగలు. పొయ్యి లేదు, కట్టె లేదు. మామ మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తున్నాడు. అందరూ దిగాక, "అవ్వా, రా, నీ నీళ్ళొచ్చినయి" అన్నాడు. ఎవరూ దిగలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాడు. ఆకుపచ్చ సంచి మోగింది.

మామ ఫోన్ పెట్టేసి నన్ను చూశాడు. "సంచిని సూసినవా, మనిషిని సూసినవా?"

ఈలోగా విషయం కనిపెట్టినవాళ్ళు చుట్టూ చేరారు. దోమకొండ నుంచి వచ్చిన పోశెట్టి గొంతు అందరికంటే పెద్దది. "ముసలమ్మను అడివిల ఇడిసిపెట్టి వచ్చిండ్రా? ఆమె జోడి డ్రైవర్ గద?"

"డ్రైవర్ను ఏమనకుండ్రి" అన్నాడు మామ. "ఆయన సూసుకునేదాక ఆగకుంట, బస్సు తియ్యుమని తొందరపెట్టింది నేను. తప్పు నాది. మీరు స్నానాలు చేయిండ్రి, తోలుకొస్తం."

అది నిజం కాదు. ఆయన తొందరపెట్టలేదు. "కాదు, తప్పు నాది" అనడానికి నాకు అప్పుడు ఒక్క క్షణం దొరికింది. నేను స్టీరింగు పట్టుకొని ముందుకు చూస్తూ ఉండిపోయాను. నా రెండో తప్పు అది.

ఖాళీ బస్సులో గంటకు పైగా వెనక్కి వచ్చాం. మామ ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండును. ఆమెకు మరాఠీ రాదు, చేతిలో ఫోన్ లేదు, మోకాళ్ళలో సత్తువ లేదు. ఏ బస్సో ఎక్కేసి ఉంటే? ఎటో నడిచి ఎక్కడైనా పడిపోయి ఉంటే? దారిలో కనిపించిన ప్రతి ముసలామె దగ్గరా బ్రేకు మీదికి నా కాలు పోయింది.

గుహ ముందు మామ ఆగిపోయాడు. "నువ్వు పో. జోడివి నువ్వు."

లోపలికి అడుగుపెట్టి ఫోన్ లైటు వేశాను. వెలుగు పడిన చోట రాయి, పక్కన అంతా నలుపు. "అవ్వా!" అని అరిస్తే నా గొంతే ఎన్నో వైపుల నుంచి తిరిగొచ్చి, ఏది జవాబో తెలియలేదు. బయటి నుంచి మామ కేక వేశాడు. "లైటు బంజేయి. లైటు పడ్డకాడనే కనవడ్తది. కండ్లకు జర టైమియ్యి."

ఆపేశాను. ముందు ఏమీ లేదు. ఎక్కడో గబ్బిలాల కదలిక. తర్వాత చీకటిలోంచి ఒక స్తంభం మెల్లగా బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. నేను నిలబడింది ఒక పెద్ద మంటపంలో అని అప్పుడు తెలిసింది. పైకప్పు నా తల మీద ఎక్కడో ఎత్తున ఉంది. లోపలి గడప పక్కన ఎవరో నిలబడినట్టుంది. మనిషి కాదు, మనిషికంటే పెద్ద శిల్పం. మొహం అరిగిపోయింది గానీ నిలబడిన తీరులో ఇంకా కాపలా ఉంది. అక్కడ ఒక్క రాయీ తెచ్చి పెట్టింది కాదు. కొండలోంచి అక్కర్లేనిదంతా ఎవరో చేతులతో తీసేస్తూ పోతే ఇదంతా మిగిలింది. ఇన్నాళ్ళూ దీని బయట కూర్చొని నేను హారన్ కొట్టాను.

ఒక స్తంభం మొదట్లో చిన్న ముద్దలా ఏదో కనిపించింది. అది కదిలింది.

"వచ్చినవా జోడీ?"

నేను ఆమె పక్కన కూలబడ్డాను. ఆమె నా భుజం తడుముతూ, "మోకాళ్ళు పట్టేసినయి బిడ్డా. లేచేసరికి మీరు లేరు. కదలొద్దని ఖాజా చెప్పిండు గద, కూసున్న" అంది.

"భయం కాలేదా అవ్వా?"

"మొదలు అయింది. తర్వాత గీ కంబాలు ఒక్కొక్కటి కనవడబట్టె. ఎంతమంది కొట్టిండ్రో! వాళ్ళ ఏళ్ళు గూడ నా ఏళ్ళ లెక్కనే వంకరపోయి ఉంటయి." వంకర వేళ్ళతో రాతిని నిమిరింది. "జర సల్లగున్నది, పట్టి సూడు."

పట్టి చూశాను.

మేము తిరిగి ఉన్కేశ్వర్ చేరేసరికి చీకటి పడింది. ఆడవాళ్ళ గుండం తలుపు మూసేశారు. మిగతావాళ్ళు తడిబట్టలు మూట కట్టుకొని, చలికి వణుకుతూ నిలబడ్డారు. లచ్చవ్వ కిటికీలోంచి ఆవిరిని చూసి, "పోనీ తియ్యి, వాసనన్న సూసిన" అని ఆకుపచ్చ సంచిని ఒళ్ళోకి లాక్కుంది. దారిలో పోశెట్టి వినబడేట్టే అన్నాడు. "ఖాజాకు వయసైంది. ఇగ బస్సు అమ్ముకొని ఇంట్ల కూసుంటే మంచిది." మామ నవ్వి ఊరుకున్నాడు. లచ్చవ్వ కూడా నా పేరు ఎత్తలేదు. నేను కామారెడ్డి దాకా నోరు తెరవలేదు.

ఆ మాట ఊళ్ళో పాకింది. తర్వాతి యాత్రకు సగం సీట్లు నిండలేదని మామ బస్సు తీయలేదు. హోటల్లో ఆయన ఎదురుగా కూర్చొని అడిగాను. "ఎందుకు మీదేసుకున్నవు మామా? నాదని చెప్తే అయిపోవు గద."

ఆయన చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుకున్నాడు. "నేను చెప్తే అది చాడీ అయితది. నువ్వు చెప్తే..." అని ఆగి, చాయ్ తాగేశాడు. మిగిలింది నాకు వదిలేశాడు.

మర్నాడే లచ్చవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో బీడీల చాట ముందు కూర్చొని ఉంది. మామ బస్సు ఆగిపోయిన సంగతి చెప్పి, మళ్ళీ యాత్రకు రమ్మన్నాను.

"మల్ల ఇడిసిపెట్టి రానీకా?" అంది. ఆ తర్వాత చాట పక్కకు జరిపి, ఏ దినం బయలెల్లుడు అని అడిగింది.

దోమకొండ పోయి పోశెట్టినీ పిలిచాను. ఆదివారం బస్సు కామారెడ్డి దాటకముందే పక్కకు ఆపి, లేచి నిలబడి జనం వైపు తిరిగాను. నేను చూడకుండా చెప్పానని, మామ నన్ను తొందరపెట్టలేదని, ఆయన నా కోసం మాటలు పడుతుంటే నోరు మూసుకొని కూర్చున్నానని చెప్పాను.

"గీ ముక్క చెప్పనీకె ఇన్ని దినాలు పట్టెనా?" అన్నాడు పోశెట్టి. "ఇన్ని దినాలు బువ్వ ఎట్ల మింగినవయ్యా!"

"సక్కగ మింగలే అన్నా" అన్నాను.

మామ తువ్వాల సర్దుకొని, ఏమీ జరగనట్టే "జోడి చూసుకోండ్రి!" అన్నాడు. నేను లచ్చవ్వ సీటు దాకా నడిచిపోయి ఆమె మొహంలోకి చూసి, "ఉన్నది" అన్నాను.

మామ పోయి కొంతకాలమైంది. బస్సు ఇప్పుడు నేను తిప్పుతున్నాను. ఒంటరిగా వచ్చిన మనిషికి ఇప్పటికీ నేనే జోడి. అద్దంలో చూసి బదులు చెప్పను. లేచి పోతాను. గుహలోకి అందరికంటే ముందు వెళ్ళి, అందరి తర్వాత బయటికొస్తాను. ఎన్నిసార్లు పోయినా, ఆ చీకటిలోంచి మొదటి స్తంభం బయటికొచ్చే వేళకు నాకు ఊపిరి ఆగినట్టే ఉంటుంది.

నేను తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారం, మామ ఉన్నప్పుడు, ఉన్కేశ్వర్‌కు ఇంకా ఎండ ఉండగానే చేరాం. ఆడవాళ్ళ గుండం గోడ దాకా లచ్చవ్వ చెయ్యి పట్టుకొని నడిపించి, సంచి ఆమెకిచ్చి, నేను గోడకు ఇవతల నిలబడ్డాను. మామ కొంచెం దూరంలో రాతి మీద కూర్చున్నాడు. గోడ మీదుగా ఆవిరి లేస్తోంది. చాలాసేపు నీళ్ళ చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత అటువైపు నుంచి, గుండం అంతా మోగేలా, మామ గొంతును వెక్కిరిస్తూ లచ్చవ్వ కేక వేసింది.

"నా జోడి ఉన్నడా?"

మామ నావైపు చూశాడు.

"ఉన్న అవ్వా" అన్నాను. "ఈడనే ఉన్న."