తెల్లబడిన పగడం

తెలంగాణ ఉద్యమ కాలంలో మా సిద్దిపేటలో సమ్మె నడుస్తున్న రోజులవి. నేను కొత్త కోడలిని. టీచరైన మా మరిది రోజూ దీక్షా శిబిరంలో ఉండేవాడు. కరెంటు కోతలకు నీళ్లు వేడెక్కి, అతను ఉప్పునీటి అక్వేరియంలో ప్రాణిలా పెంచుకుంటున్న పగడం తెల్లగా పాలిపోయింది.

చచ్చిందనుకున్నాను. బయటికి తీసి, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో జిగురంతా పోయేదాకా రుద్ది షోకేసులో పెట్టాను. సాయంత్రం మరిది మిత్రులతో రాగానే, "ఎట్ల మెరుస్తుందో సూడు!" అని గొప్పగా చూపించాను.

అతని ముఖం వాడిపోయింది. "వదినా, తెల్లబడితే సచ్చినట్టు కాదు. మీద జిగురు పొర ఉంటే పాణమున్నట్టే. పొద్దుగాల సూసిన, ఉండె. బతుకుతదనుకున్న," అన్నాడు మెల్లగా.

ఆ జిగురు నా గోళ్ల సందుల్లో అప్పటికింకా ఉంది. చాయ్ అందించాల్సిన చేతులను కొంగులో దాచుకున్నాను.

ఇప్పటికీ దేన్నైనా "ఇక లాభం లేదు" అనబోతే, నా చూపు గోళ్ల మీదికి పోతుంది.