తొమ్మిదింటి బూట్లు

బావగారికున్న పిచ్చి ఒక్కటే. ఇంట్లో కూర్చుని రాసుకునే మనిషి, రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్తారు.

ఆ ఆఫీసు ఎక్కడో లేదు, ఇంటి వెనక గదే. వంటింట్లోంచి పది అడుగులు. కానీ ఆ పది అడుగులూ నేరుగా నడిచి వెళ్లడం ఆయన దృష్టిలో మహాపరాధం. ఇస్త్రీ చొక్కా తొడిగి, బూట్ల లేసులు బిగించి, భోజనం డబ్బా చేతబట్టి, వీధి గుమ్మంలో భార్యకు "వెళ్లొస్తా" అని చెప్పి, వీధంతా చుట్టి, పెరటి తలుపులోంచి లోపలికొచ్చి, హాజరు పుస్తకంలో సంతకం పెట్టాకే ఆయన కలం కదిలేది.

బావమరిది అక్కగారింట్లో పెట్టె దించిన మర్నాడే ఈ తతంగమంతా కళ్లారా చూశాడు. అతను పనిచేసే వారపత్రిక మూతపడి నాలుగు నెలలైంది. అప్పట్నుంచి గది దాటలేదు, ఒక్క వాక్యం రాయలేదు. ఇక తనకు రాయడం రాదేమోనన్న భయం పట్టుకుంది. బావగారి దగ్గరుంటే సొంతంగా రాసుకు బతకడం తెలుస్తుందని అక్క పిలిపించింది. ఇక్కడా రాయలేకపోతే మళ్లీ కలం ముట్టకూడదనుకునే అతను బండెక్కాడు.

"ఏమోయ్, తొమ్మిదీ మూడయింది" అన్నారు బావగారు గడియారం చూసి.

"నేను ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాగా బావగారూ, పక్క గదిలో!"

"ఇంట్లో ఉన్నావు. ఆఫీసుకు రాలేదు. వీధి చుట్టి రా."

చుట్టి వచ్చేసరికి ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో బల్ల మీద సిద్ధంగా ఉంది. హాజరు పుస్తకంలో మూడు గళ్లున్నాయి: మేనేజరు, రచయిత, కొత్త రచయిత. మొదటి రెండు సంతకాలూ బావగారివే. మేనేజరుది కుడికి వాలి ఉంటుంది, రచయితది ఎడమకి. పుస్తకం ఇంకా జిగురు వాసన వేస్తోంది.

"పాతవన్నీ నిండిపోయాయి" అన్నారు బావగారు, అడక్కుండానే.

ఫోన్ మోగితే ముందు సన్నటి గొంతుతో "ఒక్క నిమిషం, సారుకిస్తున్నాను" అనేవారు. తర్వాత బొంగురు గొంతుతో "హలో" అనేది కూడా ఆయనే. ఒకరోజు నీళ్ల ట్యాంకుల కంపెనీవాడు ఫోన్ చేశాడు. కరపత్రం అప్పటికే ఆరుసార్లు తిరగరాయించాడు.

"ఒక్క చిన్న మార్పండీ. మేం వ్యాపారం మార్చాం. ట్యాంకు అన్నచోటల్లా సోఫా అని పెట్టేయండి, చాలు."

బావగారు కళ్లు మూసి తెరిచారు. "తప్పకుండా. 'ఏళ్లు గడిచినా చుక్క కారదు' అన్న మాట ఉంచనా, తీసేయనా?"

"అది బాగుందండీ, ఉంచండి."

ఫోన్ పెట్టేసి ఏమీ జరగనట్టు కొత్త కాగితం తీసుకున్నారు. బావమరిదైతే కరపత్రాన్నీ కంపెనీనీ ఆ ట్యాంకులోనే ముంచేవాడు.

ఇంకోరోజు పక్కింటావిడ కిటికీ దగ్గరికొచ్చి, "ఖాళీగానే ఉన్నారుగా, గ్యాస్ సిలిండరొస్తే కాస్త తీసుకోండి" అంది. బావగారు తల తిప్పకుండా "ఆఫీసులో ఉన్నానండీ" అన్నారు. ఆవిడ తెరిచిన నోరు మూయకుండానే వెనక్కి వెళ్లింది. సొంత భార్యక్కూడా మినహాయింపు లేదు. ఆమె వంటింట్లోంచి ఫోన్ చేసి, సన్నగొంతుని దాటుకుని, "ఏవండీ, సాయంత్రం వచ్చేటప్పుడు పెరట్లో బట్టలు తీసుకొస్తారా?" అని అడిగేది.

ఇంత నిష్ఠాపరుడికీ ఒక్క లోపముంది. కుర్చీ ఆయనకు కుదరదు. తొమ్మిదింటికి నిటారుగా మొదలై, జారుతూ జారుతూ పదకొండుకల్లా గడ్డం బల్ల అంచుకి ఆనేది. పాపం, ఇరవై రెండేళ్ల చాకిరీకి నడుము అరిగిపోయిందని బావమరిది మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

బావగారు అతనికి ఒక పని అప్పగించారు. వినికిడి యంత్రం ఎలా వాడాలో చెప్పే ఎనిమిది పేజీల పుస్తకం. పది రోజులు అతను సంతకం పెట్టి, తెల్ల కాగితం ముందు కూర్చుని, సాయంత్రం లేచిపోయాడు. ఎంతవరకూ వచ్చిందని బావగారు ఒక్కసారీ అడగలేదు. తొమ్మిదయ్యిందా లేదా అన్నదే చూశారు. పదకొండోరోజు ఊరికే సంతకం పెట్టడానికి అతనికే సిగ్గేసింది. ఒక వాక్యం రాశాడు: "యంత్రం పెట్టుకోగానే ముందు ఇంట్లోవాళ్లని అరవడం ఆపమనండి."

బావగారు చదివి కుర్చీలోంచి పూర్తిగా జారిపోయారు. నేల మీద కూర్చునే మళ్లీ చదివారు.

"ఇది నాకు తట్టేది కాదోయ్" అన్నారు.

ఆ మాటతో ఎనిమిది పేజీలూ నాలుగు రోజుల్లో పూర్తయ్యాయి. కంపెనీవాళ్లు ఒక్క చిన్న మార్పు కూడా అడగలేదు. ఆ వింత తన జన్మలో ఎరగనని బావగారు ఇంటింటికీ చెప్పొచ్చారు.

అలా ఇంటింటికీ తిరగడంతో ఆయన మడమ మీద బూటు ఒరిసి లేచిన పుండు కాస్తా పెద్దదైంది. మర్నాడు ఒంటిపూట సెలవు కోరుతూ రచయిత దరఖాస్తు పెట్టుకున్నాడు. 'కారణం సంతృప్తికరంగా లేదు' అని మేనేజరు కొట్టేశాడు. బావగారు కుంటుతూనే వీధి చుట్టారు. చూడలేక బావమరిది మధ్యాహ్నం ఆ బూట్లు పట్టుకుని వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికెళ్లాడు.

"ఇవి మీ బావగారివా?" ముసలాయన బూటు తిప్పి చూశాడు. "ఇన్నేళ్లలో తెగిన చెప్పులు తప్ప నాకేం తెచ్చింది లేదే! నువ్వొచ్చినప్పట్నుంచే బాబూ ఈ బూట్లూ, వీధి చుట్టడమూ. ఆయన ఆరోగ్యం బానే ఉందా?"

అతను పరుగున వచ్చి అక్కని నిలదీశాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆఫీసా, పాడా! మంచం మీద పడుకుని, పొట్ట మీద అట్ట పెట్టుకుని రాసే మనిషిరా ఆయన. అదుగో, ఆ మంచం బీరువా వెనక దాచారు. 'పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటంటూ లేదక్కా' అని నువ్వు ఫోన్‌లో ఏడిస్తే పక్కనుండి విన్నారు. 'చోటేగా, పెడదాం' అని ఆ సాయంత్రమే బూట్లు కొనుక్కొచ్చారు."

బావమరిదికి కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే సన్నగొంతు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కన్నవాళ్లయినా ఇంత వేషం కట్టరు కదా అనుకున్నాడు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా మేనేజరుగారికి ఉద్యోగుల తరఫున అర్జీ పెట్టాడు: 'సీనియర్ రచయితను మంచం మీద పడుకుని రాయనివ్వగలరు.'

బావగారు అర్జీ చదివి తలెత్తారు.

"ఎవరు చెప్పారు?"

"చెప్పులు కుట్టే ఆయన."

"మీ అక్క?"

"ఆ తర్వాత."

"ఊఁ. మేనేజరు ఏమంటాడో" అని అటు తిరిగి, కుడికి వాలిన అక్షరాలతో 'మంజూరైనది' అని రాశారు. మరుక్షణమే మంచం వాల్చి వెల్లకిలా పడి, "అమ్మయ్య" అన్నారు.

మర్నాడు బావమరిది ఇస్త్రీ చొక్కా తొడిగాడు. వదులు చేయించిన ఆ బూట్లు అతనికి అతికినట్టు సరిపోయాయి. డబ్బా పట్టుకుని, అక్కకి "వెళ్లొస్తా" అని చెప్పి, వీధంతా చుట్టి, పెరటి తలుపు తీశాడు.

మంచం మీంచి, పొట్ట మీది అట్ట మీంచి చూపెత్తకుండా బావగారన్నారు:

"ఏమోయ్, తొమ్మిదీ రెండయింది."