దెల్ఫీనా మిద్దె మీది ఇనుప చువ్వలు

పెరూ రాజధాని లీమా కొండవాలులో దెల్ఫీనా ఇల్లు ఒంటి అంతస్తే. మిద్దె మీద మాత్రం ఆరు పిల్లర్ల ఇనుప చువ్వలు పైకి లేచి నిలబడి ఉంటాయి. ఆ వాడలో ఎవరి మిద్దె చూసినా అంతే, ఎప్పటికైనా పై అంతస్తు వేస్తామనే ఆశ. కానీ చువ్వల మొనలకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు బోర్లించి, చీలిపోయినప్పుడల్లా మార్చే ఓపిక ఇరవై రెండేళ్ళుగా దెల్ఫీనాకు తప్ప ఎవరికీ లేదు.

ఆమె బస్టాపు దగ్గర బండి మీద బార్లీ, అవిసె గింజలు మరిగించిన వేడి కషాయం అమ్ముతుంది. జీతమిచ్చే యజమాని లేడు కాబట్టి పింఛనూ లేదు. ఒకసారి పింఛను కంపెనీ కుర్రాడు కాగితాలతో వచ్చాడు.

"నెలనెలా కొంచెం కట్టమ్మా, పెద్దతనంలో ఆసరా."

"నా పింఛను మిద్దె మీద నిలబడి ఉంది నాయనా. తడవకుండా టోపీలు కూడా పెట్టాను," అంది.

బ్యాంకులో దాచుకున్న తండ్రి డబ్బు, ధరలు మండిపోయిన ఏళ్ళలో ఒక రొట్టె ముక్కకు కూడా చాలలేదు. అది కళ్ళారా చూసిన మనిషి కాగితాన్ని నమ్మక ఇనుమును నమ్మింది. తప్పేముంది?

అరవై మూడు నిండేసరికి మోకాళ్ళు మొరాయించాయి. పైన రెండు గదులు వేసి అద్దెకిస్తే నెలకు ఆరువందల సోళ్ళ డబ్బు వస్తుంది, బండి మానేయొచ్చు. ఇటుకలు దింపించింది. పనివాళ్ళకు వండిపెట్టడానికి రెండు కోళ్ళు కూడా కొంది. శనివారం ఆన్సెల్మో మేస్త్రీ వచ్చాడు.

ఒక సీసా తీసి చూశాడు. మొన కొత్తదానిలా ఉంది. దెల్ఫీనా గర్వంగా నవ్వింది. అతను సీసా మళ్ళీ బోర్లించి, కూర్చుని చువ్వ అడుగున తాపీతో గీరాడు. తుప్పు పెచ్చులు రాలాయి. పట్టుకుని అటూ ఇటూ ఊపితే చువ్వ విరిగి చేతిలోకి వచ్చింది.

"ఇక్కడ బట్టలు ఆరేస్తావా అక్కా?"

"ఇంకెక్కడ ఆరేయను? ఈ చువ్వలకే తీగ కట్టాను, మొదటి నుంచీ."

"అదే. నీళ్ళన్నీ చువ్వ వెంట దిగి అడుగున నిలిచాయి. పైగా ఈ సముద్రపు మంచు. అన్నీ ఇంతే."

"మొనలు బాగానే ఉన్నాయిగా మేస్త్రీ."

"ఇల్లు మొనల మీద నిలబడదు కదక్కా. కింది పిల్లర్లు పగలగొట్టి మళ్ళీ వేయాలి. నీ దగ్గరున్నదానికి మూడింతలవుతుంది. రేకుల గది వేయనా?"

"రేకుల కింద చలికి వణకడానికి ఆరువందలు ఎవడిస్తాడు?"

అతను తాపీని సంచిలో పెట్టుకున్నాడు.

"కోళ్ళు కూడా కొన్నాను," అంది దెల్ఫీనా.

మేస్త్రీ వచ్చి చూసినందుకు డబ్బు పుచ్చుకోకుండానే దిగి వెళ్ళిపోయాడు. అతని జాలికి ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వంగి కింద చూడని తన మీద ఇంకా మండింది. విరిగిన చువ్వ మీద సీసా ఇంకా గట్టిగానే ఉంది. పీకి విసిరికొట్టింది.

సాయంత్రం ఏప్రన్ ఉతికి, గోడ పట్టుకుని మెట్లెక్కింది. తెల్లవారుజామునే బండి తీయాలి, ఉన్నది అదొక్కటే ఏప్రన్. మిగిలిన చువ్వల తీగ మీదే ఆరేసింది. నీళ్ళు తీగ వెంట జారి చువ్వ అడుక్కి దిగుతుంటే, ఈసారి వంగి చూస్తూ నిలబడింది.