మా గడప ముందరి కాలువ ఎవరిది

జూన్ పద్నాలుగు: స్నానాల గది తూములోంచి నీళ్ళు వెనక్కి తన్నాయి. వార్డు ఆఫీసులో చెప్పి వచ్చాను.
జూన్ ఇరవై: అడ్డు ఇంటి లోపలే ఉంటుందని, అది యజమాని బాధ్యత అని అన్నారు. రాసిమ్మంటే ఇవ్వలేదు.
జులై రెండు: ప్లంబరు లోపలి గొట్టమంతా శుభ్రం చేసి, అడ్డు గేటు బయట సిమెంటు పలకల కింద ఉందని తేల్చాడు.
జులై తొమ్మిది: ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, ఒక మనిషిని మురుగు గుంతలోకి దింపుతామన్నారు. మనిషిని దింపడానికి నేను ఒప్పుకోలేదు. మళ్ళీ రాలేదు.
ఆగస్టు ఒకటి: పెరట్లో నీళ్ళు నిలిచి, కరివేపాకు చెట్టు వేరు కుళ్ళి ఎండిపోయింది.

బడిలో హాజరుపట్టీ రాసిన అలవాటు కొద్దీ, పదవీ విరమణ తరవాత కూడా జరిగినదాన్ని జరిగిన రోజే రాసిపెడతాను. రాయడానికి వీల్లేనిది ఈ వాసన ఒక్కటే. ఇది మా కాలువ వాసన కాదు.

నెల్లూరుకు తూర్పున, మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగే ఈ వీధిలో, ఈ ఇంట్లోనే నేను పుట్టాను. అప్పుడు ఈ పలకలు లేవు. ఇటుకా సున్నంతో కట్టిన జానెడు వెడల్పు కాలువ పడమటి మొదటి ఇంటి దగ్గర పుట్టి, ఎనిమిది గడపల ముందు నుంచి సాగి ఉప్పుటేటిలో కలిసేది. మా అరుగు మీద కూర్చుని ఆ నీళ్ళు చూస్తే పై ఇళ్ళ సంగతులన్నీ తెలిసిపోయేవి. కుంకుడు నురగ తేలివస్తే ఎవరికో తలంటు. పొలుసులు మెరుస్తూ వస్తే ఎవరో చేపలు తెచ్చుకున్నారు. నీళ్ళు ఎర్రబారితే అట్లతద్దికి గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలు చేతులు కడుక్కుంటున్నారు. పాలలా తెల్లగా వస్తే క్రిస్మసుకు ఎవరింట్లోనో వెల్లవేస్తున్నారు, రేపో మాపో కజ్జికాయల మూకుడు కూడా ఎక్కుతుంది. మేము తాటాకు ముక్కలు మడిచి పడవలు చేసి వదిలి, అవి ఉప్పుటేటిని చేరేదాకా వాటి వెంట పరుగెత్తేవాళ్ళం.

కాలువ తీయడానికి మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి గడప ముందు వాళ్ళు తీయరు. పై ఇంటివాళ్ళు తీస్తారు. మన మురికి చేరేది కింది ఇంటి ముందుకే గనక, అది ఎత్తవలసింది మనమే. మా ముందు పై ఇంటి పెంచలమ్మత్త తీసేది. కింది ఇంటి మస్తానయ్య గారి ముందు మా అవ్వ తీసేది. చివరి ఇంటివారు ఉప్పుటేటి దాకా తీసేవారు. ప్రతి శనివారం, మర్నాటి ఆరాధనకు కట్టుకునే చీరకు గంజి పెట్టి ఆరేశాక, అవ్వ కొంగు బిగించి, కొబ్బరి మట్టతో ఒండ్రు లాగి, తట్టకెత్తి అరటి పాదులో పోసేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కార్తీకమాసపు ముసురు వెలిసిన వారం, పెంచలమ్మత్త జ్వరంతో పడుకుంది. మా ముందు కాలువ ఆకులతో పూడింది. మెప్పు కోసం నేనే మట్ట పట్టుకుని మా గడప ముందంతా తీసి, రెండు బిందెల నీళ్ళు కొట్టాను. కాసేపటికి అత్త దుప్పటి కప్పుకుని వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది.

"ఏం పెద్దమ్మా, నేనింకా చావలేదు గదా. నా పని నీ మనవరాలి చేత చేయించినావే."

"చిన్నది, దానికేం తెలుసు. నువ్వు జరంలో ఎందుకొచ్చినావు? పోయి పడుకో."

"నేను పడుకుంటే నా నీళ్ళు పడుకుంటాయా?"

అవ్వ నా వైపు తిరిగి, "తీసింది తీసినట్టు మళ్ళా ఎయ్యి" అంది. నేను ఏడుస్తూ తట్టెడు ఒండ్రునూ కాలువలో కుమ్మరించాను. పెంచలమ్మత్త కూర్చుని, ఆయాసపడుతూ, అంతా మళ్ళీ లాగింది. అవ్వ మట్ట ముట్టుకోలేదు, తట్ట మాత్రం పట్టుకుంది. "ఇంకోసారి నా కాలువ జోలికొస్తే చెవి మెలేస్తా" అని నన్ను బెదిరించి, అవ్వ ఇచ్చిన మిరియాల చారు తాగి అత్త ఇంటికి వెళ్ళింది.

ఇప్పుడు పెంచలమ్మత్త ఇల్లున్న చోట మూడంతస్తుల ఇల్లుంది. యజమాని మర్యాదస్తుడే. అడిగితే, "అది మీ ఇంటి ముందుంది గదా ఆంటీ, మీరే కంప్లైంటు పెట్టండి" అన్నాడు. వాళ్ళ నీళ్ళలో ఎవరు తలంటుకున్నారో, ఎవరింట్లో పండగో నాకు తెలియదు. పలకల కింద అన్ని ఇళ్ళ నీళ్ళూ ఒకటే నలుపు.

నిన్న మస్తానయ్య గారి కోడలు సుభాషిణి కనబడింది. "మా తూమూ ఎనక్కి తంతా ఉండాది టీచరమ్మా. మీరు రాస్తండారు గదా అని ఊరుకున్నాం" అంది. ఇంటికొచ్చి నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. నాకు జరిగిన అన్యాయాలన్నీ తేదీలతో సహా ఉన్నాయి. వాళ్ళ గడప ముందు కాలువ గురించి ఒక్క వాక్యం లేదు. పలకలు వేసిన నాటి నుంచి అక్కడ మట్ట పెట్టినవారు లేరు. అక్కడ పెట్టవలసింది పై ఇంటిదాన్ని, నేను. ఇవాళ ఉదయం గడ్డపార తీసుకుని వెళ్ళాను. పలక కదల్లేదు.

కనుక సంబంధిత అధికారి గారి నుంచి రెండు ప్రశ్నలకు, సంతకంతో, లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాను. ఒకటి: మా గేటు బయటి కాలువలో అడ్డు తీయవలసిన బాధ్యత ఎవరిది? రెండు: మస్తానయ్య గారి గడప ముందు పలక ఎత్తించే అధికారం నాకు ఉన్నదా, లేదా? మొదటి దానికి పదిహేను రోజులు గడువిస్తున్నాను. రెండో దానికి జవాబు శనివారం లోపల అందాలి.