శ్రీశైలం దాచిన వేళ్ళు

చిట్యాల దగ్గరి ఊళ్ళో మగ్గం నేసే శ్రీశైలం అబద్ధాలాడే మనిషి కాదు. దాచే మనిషి. చీరలో ఎక్కడైనా పోగు తప్పితే ఆ వైపు లోపలికి పెట్టి మడతేస్తాడు. కొనే సేటు పైపైన చూసి తీసుకుంటాడు. ఊళ్ళో నేతగాళ్ళందరూ చేసే పనే, తప్పని ఎవరూ అనుకోరు. మచ్చ కంటబడితే చీర వాపసొస్తుంది మరి.

అతనికి హెచ్ఐవీ ఉందని భార్య మంజులకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. మందులు వాడుతూ బాగానే ఉండేవాడు. కిందటేడు మెడ మీద గడ్డ లేచింది. లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. మామూలు మందులకు కరిగినట్టే కరిగి మళ్ళీ లేచింది. హైదరాబాదులో మనస్విని అనే డాక్టరమ్మ హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు ఈ రోగానికే కొత్త మందులు కలిపి ఇచ్చి పరీక్షిస్తోందని తెలిసి, ఆలుమగలిద్దరూ వెళ్ళారు.

ఆమె మొదటి రోజే అన్నీ విడమర్చి చెప్పింది. ముందు అతనితో కలిపి కొద్దిమందికి తక్కువ మోతాదు ఇస్తారు. వాళ్ళు తట్టుకుంటే తర్వాత వచ్చేవాళ్ళకు పెంచుతారు. అందుకని ఒంట్లో ఏ తేడా వచ్చినా చెప్పితీరాలి. ఇంత చెబితే శ్రీశైలం చెవికెక్కింది ఒక్కటే: తట్టుకోలేకపోతే మందు ఆపేస్తారు.

రెండు విడతలు మందు ఎక్కించేసరికే గడ్డ సగానికి దిగింది. ఆ తర్వాతే వేళ్ళ కొసలు మొద్దుబారాయి. తెగిన పోగు అతకబోతే చేతిలో అది ఉందో లేదో తెలియదు. పొగలు కక్కే అన్నంలో వేళ్ళు పెట్టి ఊరుకున్నప్పుడు మంజుల పట్టేసింది.

"డాక్టరమ్మకు చెప్పు."

"చెప్తే మందు బంద్ చేస్తరు. గడ్డ మళ్ళ లేస్తది."

"మగ్గం ఎట్ల నేస్తవు?"

"బతికుంటె చూద్దాం తీ."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

తర్వాతి విడతకు వెళ్ళినప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అని డాక్టరమ్మ అడిగింది. పొద్దున మంజుల పెట్టిన గుండీలనే చూపించి "గివి చూడున్రి మేడమ్" అన్నాడు. చూశారా, అబద్ధమాడలేదు. ఆమె సరేనని వెళ్ళిపోయింది. మంజుల చాయ్ తేవడానికి కిందికి దిగింది.

పక్క మంచం మీద హుజూర్‌నగర్ నుంచి వచ్చిన పుష్పమ్మ ఉంది. ఆమెకు అదే మొదటి విడత.

"నాకు జర ఎక్కువ ఎక్కిస్తరట అన్నా. ముందటోళ్ళకు ఏం కాలేదంట. అయినా భయమైతాంది. నాటేసే చేతులు నాయి, వాటికేమన్న అయితదా?"

ముందటోళ్ళంటే ఎవరో శ్రీశైలానికి అప్పుడు తెలిసివచ్చింది. చెబితే తన మందు సీసా ఆగుతుంది. చెప్పకపోతే ఈమె చేతులు పోతాయి. మింగలేక కక్కలేక, అప్పుడే సీసాతో వచ్చిన నర్సు వైపే చూస్తూ కూర్చున్నాడు. నర్సు సీసా తగిలించింది. పుష్పమ్మ చేతికి సూది గుచ్చింది. మందు వదలడానికి గొట్టం మూత మీద వేలు పెట్టింది.

"సిస్టరమ్మా, జర ఆగు. నా వేళ్ళు మొద్దువారినయి. గీ గుండీలు నా ఇంటామె పెట్టింది."

నర్సు సీసా దించేసింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, అతణ్ణి కళ్ళు మూసుకోమని, వేలి కొస మీద దూది పెట్టి ఏముందని అడిగింది.

"ఏం లేదు మేడమ్."

ఆమె దూది తీసి నలిపి పక్కన పడేసింది. కోపం దిగమింగుకుంటోందని అతనికి అర్థమైంది.

"ఇవ్వాళ మీకు ఎక్కించం. ఏ మందు వల్ల అయిందో చూడాలి. ఆమెకు మోతాదు పెంచే సంగతి కూడా మళ్ళీ ఆలోచించాలి."

"మరి గడ్డ?"

"పెరుగుతుందో పెరగదో తెలియదు, శ్రీశైలం గారూ. తెలియదు కాబట్టే ఇదంతా."

శ్రీశైలానికి చావుభయం వేసింది. పుష్పమ్మ వింటున్నా ఆపుకోలేక ఏడ్చాడు.

మంజుల చాయ్ తెచ్చేసరికి అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. "ఎక్కిచ్చిన్రా?" అంది.

"లేదు. చెప్పేసిన."

ఆమె మంచం అంచున కూర్చుని అతని వేలికొసలు పట్టుకుంది. తల తిప్పి చూసేదాకా అతనికి ఆ సంగతి తెలియలేదు.