పెద్దమ్మ ఆపిన బస్సు

మా పెద్దమ్మ బస్సు డిపోలో చక్రాల బేరింగులు కడిగి గ్రీజు పట్టిస్తుంది. పనంతా ఆమెది, హోదా మాత్రం నేటికీ సహాయకురాలిదే. ఈ అన్యాయానికి సమర్థన, లా చదువుతున్న నాకు ఏ నిబంధనలోనూ దొరకలేదు. ఆ మాట ఎత్తితే, "నా హోదాతో బేరింగుకేం పనే?" అని నవ్వేస్తుంది.

కంచంలో అన్నం వడ్డించేటప్పుడు చాలన్నా వినని మనిషి, గ్రీజు దగ్గర మాత్రం పరమ పిసినారి. చక్రం నడుమ బేరింగు కూర్చునే హబ్బు నిండా కుక్కితే బేరింగు దానికదే వేడెక్కుతుందంటుంది.

ఆ రోజు అదే డిపోలో డ్రైవరైన ఆమె మరిదికి, అంటే మా బాబాయికి, తొలిసారి కొండదారి బస్సు ఇచ్చారు. ఏళ్ల తరబడి అతడు కోరుకున్న దారి అది. దిగేటప్పుడు పదేపదే వేసే బ్రేకుల వేడి హబ్బుల్లోకి పాకుతుంది. మామూలు గ్రీజు ఆ వేడికి పలచబడి, కారి, బ్రేకుల మీద పడితే బస్సు ఆగదు. అందుకే ఎక్కువ వేడిని తట్టుకునే నీలి గ్రీజు డిపోకు కొత్తగా వచ్చింది.

బయలుదేరే ముందు పెద్దమ్మ ముందు చక్రం మూత విప్పింది. పాత ఎర్ర గ్రీజు మీద నీలి గ్రీజు మెరుస్తోంది.

"ఎవరిదీ ఘనకార్యం?"

"నాదే వదినా. మీకు పని తగ్గుతుందని పొద్దున్నే వచ్చి ముందు చక్రాలు రెండిటికీ పెట్టేశా," అన్నాడు బాబాయి.

"ఓరి నీ ప్రేమ బంగారం కానూ! పాతది కడిగావా?"

"కడగడమెందుకు? పైన మంచిదే వేశాగా."

"ఈ రెండిటికీ పొసగదయ్యా. కలిస్తే రెండూ పలచబడి కారిపోతాయి. బస్సు కదలదు."

"వదినా, పరువు పోతుంది. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి, వచ్చాక కడుగుదాం."

"వస్తే కదా కడిగేది!"

బాబాయి ముఖం మాడిపోయింది. ఇంకో బస్సు, ఇంకో డ్రైవరు వెళ్లారు. కారణమడిగిన సూపర్‌వైజరుకు పెద్దమ్మ, "నా పనే ఆలస్యమైంది సార్," అని చెప్పి చీవాట్లు తింది. నిజం చెబితే మరిదికి ఆ దారి మళ్లీ దక్కదు. న్యాయశాస్త్రం ప్రకారం అది అబద్ధపు సాక్ష్యం. ఆ సాక్షిని నిలదీసే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఆ మధ్యాహ్నం బాబాయి కిరోసిన్‌లో బేరింగులు కడిగాడు. పెద్దమ్మ వాటిని పూర్తిగా ఆరనిచ్చి, నీలి గ్రీజు ఒక్కటే అరచేతిలోకి తీసుకుని సందుసందుకూ ఎక్కించింది.

మర్నాడు అదే బస్సు కొండ దిగింది. కింది నుంచి ఫోను వచ్చింది.

"దిగాను వదినా!"

"హబ్బు మీద చెయ్యి పెట్టి చూశావా?"

"చూశా. గోరువెచ్చగా ఉంది."

"రెండో వైపు?"

"అదీ అంతే ఉంటుంది లెండి."

"ఉంటుందా, ఉందా?"

అతడు నవ్వుతూ బస్సు చుట్టూ నడిచాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది.